పట్టాయాలో తక్కువ ఖర్చుతో, భద్రంగా తిరగడం ఎలా? అమ్మతో, పాపతో వెళ్తున్నాము

భీమిలి_గాలి
దసరా సెలవులకు అక్టోబరులో నేను, మా వారు, తొమ్మిదేళ్ల మా పాప, అరవై నాలుగేళ్ల మా అమ్మ విశాఖ నుంచి బ్యాంకాక్ మీదుగా పట్టాయా వెళ్తున్నాము. బస జోమ్‌తియెన్ తీరంలో, ఐదు రాత్రులు. ఏజెంటు డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడతానని చెప్పిన ధర మా విమాన టిక్కెట్లలో సగానికి పైగా ఉంది, అంత పెట్టుకోలేము. వ్యాను వద్దనుకుందామంటే, రెండేళ్ల క్రితం మా తమ్ముడికి జరిగింది గుర్తుకొచ్చి భయం వేస్తోంది. సముద్రం పక్క రోడ్డు మీద కిలోమీటరున్నర దూరానికి నీలం రంగు ట్రక్కు డ్రైవరు వాడి దగ్గర 300 బాత్‌లు తీసుకున్నాడు. అదే చోట, వెనకాలే వచ్చిన మరో ట్రక్కులోంచి దిగిన ఒకావిడ ఒక్క నాణెం ఇచ్చి వెళ్లిపోవడం వాడు కళ్లారా చూశాడు. ఒకే దూరానికి ఇంత తేడా ఎందుకు? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అక్కడ తిరిగినవారు దయచేసి చెప్పండి.

శ్రీరాచా_తెలుగువాడు
మీ తమ్ముడిని ఎవరో మోసం చేశారని నేను అనను. ఆ బండి రెండు రకాలుగా నడుస్తుందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. పట్టాయాకు దగ్గరలోనే ఉన్న శ్రీరాచాలో పదకొండేళ్లుగా ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తున్నాను, నెలకు రెండు ఆదివారాలైనా అక్కడికి వెళ్తాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ బండిని థాయి భాషలో సోంగ్‌తేవ్ అంటారు. సోంగ్ అంటే రెండు, తేవ్ అంటే వరుస. ట్రక్కు వెనక భాగంలో ఎదురెదురుగా రెండు బెంచీలు, పైన కప్పు, వెనక తలుపు లేని గుమ్మం. బీచ్ రోడ్డు మీద వాహనాలు ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్లాలి. దానికి సమాంతరంగా లోపలి వైపు ఉన్న సెకండ్ రోడ్డు మీద దక్షిణం నుంచి ఉత్తరానికే వెళ్లాలి. అందువల్ల ఈ రెండు రోడ్లనూ చుట్టుకుంటూ ఈ బండ్లు పొద్దున్నుంచి అర్ధరాత్రి దాటేదాకా గానుగ తిరిగినట్టు తిరుగుతూనే ఉంటాయి. మీరు రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఎత్తండి, బండి ఆగుతుంది, ఎక్కి కూర్చోండి. దిగవలసిన చోటు దగ్గరపడగానే కప్పుకు ఉన్న మీట నొక్కండి. దిగి ముందుకు నడిచి, ఎడమ కిటికీలోంచి డ్రైవరుకు తలకు 10 బాత్‌ల చొప్పున ఇచ్చి వెళ్లిపోండి. అక్కడ కూడా మన దేశంలోలాగే ఎడమ వైపు నడుపుతారు కనుక ఆ కిటికీ కాలిబాట వైపే ఉంటుంది, రోడ్డు మధ్యకు వెళ్లనక్కర లేదు.

అసలు మర్మం ఏమిటంటే, ఎక్కే ముందు ధర అడగకూడదు. ఫలానా హోటలుకు ఎంత తీసుకుంటావని అడిగిన క్షణాన, మీరు బండిని మొత్తంగా మాట్లాడుకుంటున్నారని అతను అనుకుంటాడు. అప్పుడు 200 అయినా చెప్పవచ్చు, 300 అయినా చెప్పవచ్చు. మీ తమ్ముడు అడిగి ఉంటాడు. నాణెం ఇచ్చిన ఆవిడ అడిగి ఉండదు.

కంచరపాలెం_కబుర్లు
భీమిలి_గాలి గారూ, మన ఊళ్లో షేర్ ఆటోకూ స్పెషల్‌కూ ఉన్న తేడాయే ఇది. జగదాంబ దగ్గర ఆటో ఎక్కేటప్పుడు మనం ధర అడుగుతామా? అడిగితే అతను తప్పకుండా స్పెషలా అని ఎదురు అడుగుతాడు.

ఓరుగల్లు_బాటసారి
శ్రీరాచా గారి మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ధర అడగకుండా ఎక్కమని కుటుంబంతో వెళ్లేవారికి చెప్పడం ప్రమాదకరం. పోయిన ఏడాది మేము ఐదుగురం హోటలు ముందు ఆగి ఉన్న బండి ఎక్కాము, ఎవరో చెప్పారని ధర అడగలేదు. దిగి 50 బాత్‌లు ఇస్తే డ్రైవరు కాగితం నోట్లు చేతిలోకి తీసుకోకుండా 400 అని వేళ్లు చూపించాడు. పిల్లల ముందు రోడ్డు మీద పావుగంట గొడవ జరిగింది, చివరికి 300 ఇచ్చి బయటపడ్డాము. ముందే అడిగి ఉంటే ఆ అవమానం ఉండేది కాదు.

శ్రీరాచా_తెలుగువాడు
ఓరుగల్లు_బాటసారి గారూ, మీరు ఎక్కినప్పుడు ఆ బండి ఖాళీగా ఆగి ఉందా? లోపల ఇంకెవరైనా ఉన్నారా?

ఓరుగల్లు_బాటసారి
ఖాళీగానే ఉంది. డ్రైవరు కిందికి దిగి నిలబడి ఉన్నాడు, మమ్మల్ని చూసి రమ్మని పిలిచాడు.

శ్రీరాచా_తెలుగువాడు
అక్కడే చిక్కు వచ్చింది. నా మొదటి టపాలో ఈ ముక్క రాయకపోవడం నా పొరపాటే. హోటలు ముందో, మాల్ ముందో ఖాళీగా ఆగి, డ్రైవరు పిలుస్తున్న బండి స్పెషల్ కిందే లెక్క. దాంట్లో ధర మాట్లాడుకోకుండా ఎక్కకూడదు, అది తలకు కాదు, మొత్తం బండికి అని కూడా స్పష్టం చేసుకోవాలి. 10 బాత్‌ల బండి అంటే రోడ్డు మీద కదులుతూ వస్తున్నది, లోపల అప్పటికే ఒకరిద్దరు కూర్చుని ఉన్నది. బీచ్ రోడ్డు, సెకండ్ రోడ్డు వదిలి మీ కోసం పక్క సందులోకి తిప్పమంటే అది కూడా స్పెషలే అవుతుంది. ఒక మినహాయింపు ఉంది: సెకండ్ రోడ్డు, సౌత్ పట్టాయా రోడ్డు కలిసే కూడలి దగ్గర జోమ్‌తియెన్ వెళ్లే బండ్లు వరుసగా ఆగి ఉంటాయి. అవి జనం నిండేదాకా ఆగి బయలుదేరే మార్గం బండ్లే. ముందున్న దాంట్లో మిగతావాళ్లతో పాటు ఎక్కి కూర్చోవడమే. మీ బస జోమ్‌తియెన్‌లో కనుక, భీమిలి_గాలి గారూ, మీకు రోజూ పనికొచ్చేది ఈ వరుసే. అక్కడికి కొందరు డ్రైవర్లు తలకు 20 తీసుకుంటారు. నేనైతే దానికి పేచీ పెట్టను.

ఓరుగల్లు_బాటసారి
ఇప్పుడు అర్థమైంది. ఈ తేడా ఆ రోజు తెలిసి ఉంటే బాగుండేది. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

నాగావళి_ఒడ్డు
చిల్లర సంగతి కూడా చేర్చండి. డ్రైవరు చేతికి 500 నోటు ఇచ్చి మిగతాది కోసం నిలబడితే వెనక బండ్లు హారన్లు కొడతాయి, డ్రైవరు విసుక్కుంటాడు. దిగిన రోజే సెవెన్ ఎలెవెన్ దుకాణంలో నీళ్ల సీసా కొని 10 బాత్‌ల నాణేలు, 20 నోట్లు పోగు చేసుకోండి. మేము ఒక చిన్న పర్సు దానికే కేటాయించాము. బాత్ విలువ మన రూపాయల్లో రెండున్నరకు పైనే ఉంటుంది కనుక నలుగురికి 40 బాత్‌లు ఇచ్చినా మన ఊరి ఆటో ఖర్చే అవుతుంది.

రెండుచక్రాల_88
ఇంత తంటా ఎందుకు? స్కూటరు అద్దెకు తీసుకోండి. రోజుకు 250 బాత్‌లకు ఇచ్చారు నాకు, పెట్రోలు నామమాత్రం. ఐదు రోజులు పెద్ద బుద్ధుడి గుడి ఉన్న ప్రతుమ్‌నక్ కొండ నుంచి నాక్లువాలో ఉన్న సత్య మందిరం దాకా, దక్షిణాన నోంగ్ నూచ్ తోట దాకా ఎవరినీ అడగకుండా తిరిగాను. నలుగురికీ రెండు స్కూటర్లు సరిపోతాయి.

ఏలూరు_నర్సమ్మ
రెండుచక్రాల గారూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకూ, తొమ్మిదేళ్ల పాపకూ ఈ సలహా ఇవ్వకండని వేడుకుంటున్నాను. నేను పాతికేళ్లుగా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మూడేళ్ల క్రితం మా మరిది పట్టాయాలో స్కూటరు అద్దెకు తీసుకున్నాడు. అతనికి ఇక్కడ కారు లైసెన్సు మాత్రమే ఉంది, ద్విచక్ర వాహనానిది లేదు. అద్దెకిచ్చిన దుకాణం లైసెన్సు అడగలేదు, పాస్‌పోర్టు మాత్రం హామీగా పెట్టుకుంది. వాన వెలిసిన సాయంత్రం తడి రోడ్డు మీద మలుపులో జారి కాలి ఎముక విరిగింది. అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందే డబ్బు కట్టమన్నారు. ప్రయాణ బీమా ఉంది కదా అని మేము ధైర్యంగా ఉంటే, ఆ తరగతి వాహనానికి చెల్లే లైసెన్సు లేకుండా నడిపితే పరిహారం ఉండదన్న నిబంధన పాలసీలోనే ఉందని బీమావారు చూపించారు. బంధువులందరం కలిసి డబ్బు పంపేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. పైగా పాస్‌పోర్టు దుకాణంలో ఉండిపోవడంతో, బండికి వాళ్లు చెప్పినంత నష్టపరిహారం కట్టి విడిపించుకోవలసి వచ్చింది. ఆ కాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.

థాయిలాండ్ రోడ్డు మరణాలలో అత్యధిక భాగం ద్విచక్ర వాహనాలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలు చెబుతూనే ఉన్నాయి. ఒకరు ఐదు రోజులు క్షేమంగా తిరిగి వచ్చారంటే సంతోషమే, కానీ దాన్ని చూసి అందరినీ స్కూటరు ఎక్కించలేము.

రెండుచక్రాల_88
నర్సమ్మ గారూ, మీ మరిదిగారి సంగతి చదివి బాధ కలిగింది. పెద్దావిడ ఉన్నారన్న సంగతి నేను సరిగా చదవలేదు, వారికి ఆ సలహా వద్దు. అయితే పద్ధతిగా నడిపేవారి కోసం నా అనుభవం చెప్పడం అవసరమనుకుంటున్నాను. నాకు ఇక్కడ ద్విచక్ర వాహన లైసెన్సు ఉంది. వెళ్లే ముందు రవాణా శాఖ కార్యాలయంలో 1,000 రూపాయలు కట్టి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను, అది ఏడాది పాటు చెల్లుతుంది. అందులో ద్విచక్ర వాహనాల తరగతి దగ్గర ముద్ర ఉందో లేదో అక్కడే చూసుకోవాలి. కార్ల ముద్ర మాత్రమే ఉంటే స్కూటరుకు పనికిరాదు. అసలు పాస్‌పోర్టు అడిగిన దుకాణాలు వదిలేసి, నకలు, నగదు హామీ తీసుకున్న చోటే బండి తీసుకున్నాను. బయలుదేరే ముందు దుకాణదారు ఎదుటే బండి చుట్టూ తిరిగి ప్రతి గీతనూ వీడియో తీశాను. రెండు సార్లు పోలీసులు ఆపారు, హెల్మెటు, పర్మిటు చూసి పంపించేశారు. ఇవేవీ లేనివారు బండి ముట్టుకోవద్దు, ఈ విషయంలో నాకూ మీకూ తేడా లేదు.

ఏలూరు_నర్సమ్మ
ఇలా రాసినందుకు ధన్యవాదాలు. బీమా పత్రంలో ఎన్ని సీసీల దాకా అనుమతి ఉందో కూడా చదువుకోమని చెప్పండి. చాలా పాలసీలలో దానికీ పరిమితి ఉంటుంది.

భీమిలి_గాలి
స్కూటరు ఆలోచన మాకు మొదటి నుంచీ లేదు, ఇప్పుడు మా వారు కూడా మనసులోంచి తీసేశారు. నాకు మరో మూడు సందేహాలు. మా విమానం తెల్లవారుజామున బ్యాంకాక్‌లోని డాన్ మువాంగ్ విమానాశ్రయంలో దిగుతుంది, అక్కడి నుంచి పట్టాయాకు ఎలా వెళ్లాలి? సోంగ్‌తేవ్ మెట్లు అమ్మ ఎక్కగలదా? అమ్మ మెడలోని తాళి, నల్లపూసలు తీయనంటోంది, రోడ్డు మీద నడిచేటప్పుడు భయం ఉంటుందా?

నాగావళి_ఒడ్డు
విశాఖ విమానం దిగేది డాన్ మువాంగ్‌లో అని గమనించడం మంచిదైంది. హైదరాబాదు నుంచి బ్యాంకాక్‌లోని మరో విమానాశ్రయం సువర్ణభూమిలో దిగేవారికి పని తేలిక: కింది అంతస్తులోనే జోమ్‌తియెన్ దాకా నేరుగా వెళ్లే బస్సు ఉంటుంది, దాదాపు రెండు గంటల ప్రయాణం. డాన్ మువాంగ్ నుంచైతే, మేము వెలుగు వచ్చేదాకా విమానాశ్రయంలోనే కూర్చుని, ఏ1 బస్సులో మో చిట్ మెట్రో స్టేషనుకు చేరి, అక్కడి నుంచి రైలు మారకుండా ఎక్కమై స్టేషనులో దిగాము. తూర్పు జిల్లాలకు వెళ్లే బస్సుల స్టాండు ఆ స్టేషను పక్కనే ఉంది, పట్టాయా బస్సులు అక్కడి నుంచి రోజంతా ఉంటాయి. ఆ బస్సు దించేది నార్త్ పట్టాయా రోడ్డు స్టాండులో. అక్కడ ఆగి ఉన్న సోంగ్‌తేవ్‌లు జోమ్‌తియెన్‌కు 10 బాత్‌ల లెక్కలో రావు, తలకు ఇంత అని వేరే ధర చెబుతాయి.

కంచరపాలెం_కబుర్లు
నాగావళి గారు చెప్పిన దారి కుర్రవాళ్లకు బాగుంటుంది. నిద్రలేని పెద్దావిడతో, పెట్టెలతో మూడు బండ్లు మారడం నాకు నచ్చలేదు. మేము నలుగురం డాన్ మువాంగ్ నుంచి యాప్‌లో కారు పిలుచుకుని నేరుగా వెళ్లాము, టోల్‌తో కలిపి 1,700 బాత్‌లు అయింది. నలుగురికి పంచుకుంటే అది దుబారా కాదు. మొదటి రోజు ఒంటికి విశ్రాంతి ఇచ్చి, మిగిలిన నాలుగు రోజుల్లో ఆదా చేసుకోండి.

తూర్పుకనుమల_తార
ఆడవాళ్ల మాటగా తాళి గురించి నేను రాస్తాను. భయం ఉన్నమాట నిజమే. మోటారు సైకిల్ మీద వచ్చి మెడలోని గొలుసు లాక్కుపోవడం పట్టాయాలో జరుగుతూనే ఉంది, బంగారం వేసుకుని తిరిగే మన దేశపు పర్యాటకుల మీద వాళ్ల కన్ను ఎక్కువ. లాగినప్పుడు మనిషి కింద పడితే గొలుసు కన్నా ఎక్కువే పోతుంది. మా అత్తగారు కూడా తీయనని పట్టుబట్టారు. పట్టుబట్టవద్దని మేము అనలేదు. సూత్రాలు మాత్రం పసుపుతాడుకు మార్చి కట్టుకున్నారు, అది జాకెట్టు లోపలికి వెళ్లేలా పిన్ను పెట్టాము, బంగారు గొలుసు ఇంట్లోనే దాచి వచ్చాము. ఆమె మనసుకూ లోటు అనిపించలేదు, మాకూ బెంగ తగ్గింది. నడిచేటప్పుడు పెద్దావిడను దుకాణాల వైపు ఉంచి మీరు రోడ్డు వైపు నడవండి, చేతిసంచి ఎప్పుడూ రోడ్డు వైపు భుజానికి వేసుకోకండి. సోంగ్‌తేవ్‌లో కూడా గుమ్మం పక్కన ఫోను చేత్తో పట్టుకుని కూర్చోవద్దు.

భీమిలి_గాలి
తార గారూ, పసుపుతాడు మాట అమ్మకు చదివి వినిపించాను. వెంటనే ఒప్పుకుంది. వారం రోజుల నుంచి నాతో మాట్లాడటానికి కూడా ఇష్టపడని మనిషి.

శ్రీరాచా_తెలుగువాడు
మెట్ల విషయం: వెనక రెండు మెట్లు ఉంటాయి, మొదటిది బాగా ఎత్తు. పక్కన పట్టుకోవడానికి కడ్డీలు ఉంటాయి, కప్పు తక్కువ ఎత్తు కనుక లోపల వంగి నడవాలి. బండి పూర్తిగా ఆగాకే అమ్మగారిని ఎక్కించండి, డ్రైవరు తొందరపెట్టినా తొణకకండి. పాపను లోపలి చివర, డ్రైవరు క్యాబిన్ వైపు కూర్చోబెట్టండి. వెనక మెట్టు మీద వేలాడుతూ వెళ్లేవాళ్లు కనిపిస్తారు, దాన్ని చూసి పిల్లలు ముచ్చటపడతారు, ఒప్పుకోవద్దు. రోజులో ఒక్కసారి ఎక్కి దిగినా నొప్పి అనిపిస్తే బోల్ట్ లేదా గ్రాబ్ యాప్‌లో కారు పిలవండి. జోమ్‌తియెన్ నుంచి సెంట్రల్ పట్టాయాకు నాకు సాధారణంగా 100 నుంచి 150 బాత్‌ల మధ్య పడుతుంది. సోంగ్‌తేవ్‌ల అడ్డా ఎదుట నిలబడి యాప్ కారు పిలిస్తే డ్రైవర్లు రావడానికి వెనకాడతారు. కొంచెం పక్కకు నడిచి పిలవడం మేలు. నంబరు ప్లేటు సరిచూసుకున్నాకే ఎక్కండి.

ఇంకో మాట. అక్కడ రోడ్డు దాటడమే అన్నిటికన్నా ప్రమాదం. జీబ్రా గీతల మీద ఉన్నాము కదా అని అడుగు వేయకండి, చాలామంది ఆపరు. ఒకే వైపు నడిచే రోడ్డయినా ఎదురుగా మోటారు సైకిళ్లు వస్తాయి కనుక రెండు వైపులా చూడాలి. సుఖుంవిత్ హైవేను మాత్రం వంతెన గానీ సిగ్నల్ గానీ లేని చోట అసలు దాటవద్దు.

ఓరుగల్లు_బాటసారి
మోటారు సైకిల్ టాక్సీల గురించి ఎవరూ రాయలేదు. నంబరు ఉన్న రంగు చొక్కాలు వేసుకుని సందు మొదట్లో కూర్చుంటారు. ధర ముందే మాట్లాడుకోవాలి. ఒంటరిగా వెళ్లేవారికి సరే, కానీ కుటుంబానికి పనికిరావు.

చిలకలూరి_రైతుబిడ్డ
కో లాన్ దీవికి వెళ్లాలనుకుంటే తీరం మీద తిరిగే ఏజెంట్ల స్పీడ్ బోటు పాకేజీలు తీసుకోకండి. దక్షిణం చివర బాలి హై రేవు నుంచి పెద్ద పడవలు వెళ్తాయి, మేము వెళ్లినప్పుడు మనిషికి 30 బాత్‌లు, ముప్పావు గంట ప్రయాణం. ఒకటి నాబాన్ అనే ఊరి రేవుకు, ఒకటి తావేన్ బీచికి వెళ్తుంది. తిరుగు పడవ ఆఖరిది ఎన్నింటికో దిగగానే అక్కడి బోర్డు చూసుకోండి. దీవిలో కొండ దారులు నిట్టనిలువుగా ఉంటాయి, అక్కడ కూడా పంచుకునే బండ్లు ఉన్నాయి, వాటిలోనే వెళ్లండి.

తూర్పుకనుమల_తార
అక్టోబరు అంటే అక్కడ వానలు గట్టిగా పడే నెల. గంటసేపు కురిస్తే బీచ్ రోడ్డు, థర్డ్ రోడ్డు మీద మోకాలి దాకా నీళ్లు నిలుస్తాయి. ఆ సమయంలో యాప్ కారు ధర రెండింతలు అవుతుంది, దొరకడం కూడా కష్టం. వాన మొదలైతే ఉన్నచోటే ఆగిపోవడం ఉత్తమం. నిలిచిన నీళ్లలో పెద్దావిడను నడిపించకండి, మూత లేని కాలువలు కనబడవు.

శ్రీరాచా_తెలుగువాడు
ఏ గొడవ వచ్చినా గొంతు పెంచకుండా బండి పక్కన రాసి ఉన్న నంబరు ఫోటో తీసుకుని పర్యాటక పోలీసులకు 1155కు ఫోను చేయండి, ఇంగ్లీషులో మాట్లాడతారు. అంబులెన్సుకు 1669.

భీమిలి_గాలి
వెళ్లి వచ్చాము. అందరూ అంత శ్రద్ధగా రాశారు కనుక జరిగింది జరిగినట్టు చెప్పడం నా బాధ్యత.

డాన్ మువాంగ్ నుంచి కంచరపాలెం గారు చెప్పినట్టు కారులోనే వెళ్లాము, 1,850 అయింది. మిగిలిన ఐదు రోజులలో నలుగురికీ కలిపి తిరుగుడు ఖర్చు, దీవి పడవతో సహా, 1,600 బాత్‌లు దాటలేదు. ఏజెంటు చెప్పిన వ్యాను ధరలో ఇది నాలుగో వంతు కూడా కాదు.

మొదటిసారి జోమ్‌తియెన్ రోడ్డు మీద చెయ్యి ఎత్తినప్పుడు నా గుండె దడదడలాడింది. బండి ఆగింది, ఎవరూ ఏమీ అడగలేదు, లోపల కూరగాయల సంచితో ఉన్న ముసలమ్మ జరిగి అమ్మకు చోటిచ్చింది. దిగి నాలుగు నాణేలు ఇస్తే డ్రైవరు తల ఊపి వెళ్లిపోయాడు. రెండో రోజు రాత్రి మాత్రం సౌత్ పట్టాయా కూడలి దగ్గర ఖాళీ బండివాడు ముందుకొచ్చి 300 అన్నాడు. మేము మాట్లాడకుండా వరుసలో ముందున్న బండిలోకి వెళ్లి కూర్చున్నాము, ఆయన కూడా ఏమీ అనలేదు. అక్కడ తలకు 20 తీసుకున్నారు.

అమ్మకు రెండు రోజులు మెట్లు ఇబ్బంది కాలేదు. మూడో రోజు దీవి నుంచి వచ్చాక మోకాలు వాచింది, ఆ తరువాత కారులోనే తిప్పాము. దీవి పడవ ఎక్కేటప్పుడు రేవు గట్టుకూ పడవకూ మధ్య అడుగు వేయవలసి ఉంటుంది, అలలకు పడవ ఊగుతుంది. అక్కడి పనివాళ్లు ఇద్దరు చేతులు పట్టి దాటించారు కానీ మోకాళ్ల నొప్పులున్నవారు ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి. నాలుగో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. తార గారి మాట గుర్తుండి మాల్‌లోనే రెండు గంటలు కూర్చున్నాము.

ఓరుగల్లు_బాటసారి
మాది డిసెంబరులో రెండో ప్రయాణం. జోమ్‌తియెన్ నుంచి బాలి హై రేవుకు నేరుగా బండి ఉందా, మారవలసి ఉంటుందా?

భీమిలి_గాలి
మేము జోమ్‌తియెన్ బండిలో ఎక్కి సౌత్ పట్టాయా కూడలి దగ్గర దిగి, అక్కడి నుంచి రేవుకు నడిచాము. అమ్మ నడకకు పాతిక నిమిషాలు పట్టింది. దారిలో రాత్రిపూట సందడిగా ఉండే వాకింగ్ స్ట్రీట్ పగలు కనుక ఖాళీగా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు రేవు దగ్గర ఆగి ఉన్నవన్నీ స్పెషల్ బండ్లే, కొంచెం బయటికి నడిచి కారు పిలుచుకున్నాము, 90 బాత్‌లు అయింది.